వారానికి రెండు మాస్కులు



కరోనా రోజులు మళ్ళీ గుర్తు చేస్తున్నందుకు ఏమీ అనుకోకండి. తైవాన్ వాళ్ళు ఆ రోజుల్లో మాస్కులు ఎలా పంచుకున్నారో ఈమధ్య చదివాను. చదివిన దగ్గరనుంచి మన ఊరి సంగతి ఒకటి నన్ను వదలడం లేదు.

తైవాన్ 2 కోట్ల 30 లక్షల మంది ఉన్న ద్వీపం. 2003లో సార్స్ వచ్చినప్పుడు రాజధాని తైపీలో ఒక ఆసుపత్రిని లోపలి మనుషులతో సహా మూసేశారు. ఆ భయం వాళ్ళ మనసుల్లోంచి పోలేదు. అందుకే 2020 జనవరిలో కొత్త జబ్బు మాట వినపడగానే జనం మాస్కుల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. అక్కడ అప్పట్లో రోజుకు తయారయ్యేవి 20 లక్షల లోపే. అందరికీ పంచితే మనిషికి పన్నెండు రోజులకు ఒకటి!

ప్రభుత్వం ముందు ఎగుమతులు ఆపింది, తర్వాత తయారైన సరుకంతా తానే తీసుకుంది. ఫిబ్రవరి 6 నుంచి ఆరోగ్య బీమా కార్డు చూపిస్తే మందుల షాపులో వారానికి రెండు మాస్కులు ఇచ్చారు. ఒక్కోటి 5 తైవాన్ డాలర్లు. గుర్తింపు కార్డు చివరి అంకె బేసి అయితే సోమ, బుధ, శుక్రవారాలు. సరి అయితే మంగళ, గురు, శనివారాలు. ఆదివారం ఎవరైనా రావచ్చు. ధనవంతుడైనా, కూలివాడైనా అవే రెండు. అరణ్యంలో మన్నాకు ఓమెరు కొలత పెట్టినట్టే ఉంది కదా!

అయితే కొలత పెట్టినంత మాత్రాన అందరికీ అందిందా? అసలు సంగతి ఇక్కడే ఉంది. షాపుకు రోజుకు పెద్దలవి 200, పిల్లలవి 50 వచ్చేవి. వాటిని రెండేసి చొప్పున కవర్లలో పెట్టే పని కూడా షాపువాళ్ళదే. ఏ షాపులో ఎన్ని మిగిలాయో ఫోనులో చూపించే మ్యాపులు కూడా వచ్చాయి. కానీ కొందరు షాపువాళ్ళు పొద్దున్నే టోకెన్లు ఇచ్చేసి, కార్డులు తర్వాత గీకేవారు. మ్యాపులో సరుకు ఉన్నట్టే కనపడేది, వెళ్తే ఉండేది కాదు. తిట్లు తిన్నది మాత్రం కౌంటరు వెనక నిలబడ్డ మనిషి. ఆ మ్యాపును నమ్మొద్దని బోర్డు పెట్టిన షాపు కూడా ఉందట. పంపకం చేసినవాళ్ళకు ఆ బాధ తెలుస్తుంది.

ఇంకో లోటు, పొద్దుటినుంచి రాత్రిదాకా పనిలో ఉండేవాళ్ళది. వాళ్ళు బయటపడే వేళకు షాపులు మూసేవారు. అది గమనించి మార్చి 12 నుంచి ఫోనులోనో కంప్యూటరులోనో బుక్ చేసుకుని, రాత్రంతా తెరిచి ఉండే చిన్న దుకాణాల్లో తీసుకునే ఏర్పాటు చేశారు. యెరూషలేము సంఘంలో కూడా అనుదిన పంపకంలో కొందరు విధవరాండ్రు తప్పిపోతే అపొస్తలులు సణుగుడు విని కోప్పడలేదు, ఏడుగురిని ఏర్పరచారు.

ఒక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. గులాబి రంగు మాస్కు పెట్టుకుంటే బడిలో నవ్వుతారని ఒక పిల్లవాడు భయపడ్డాడని తెలిసి, ఏప్రిల్ 13న ఆరోగ్య మంత్రి చెన్ షి చుంగ్, తోటి అధికారులు అందరూ గులాబి మాస్కులతోనే విలేకరుల ముందు కూర్చున్నారు.

ఇక మన సంగతి. ఆ ఏడు మన సంఘం అక్కలు పాత చీరలు కోసి మాస్కులు కుట్టారు. ఉదయం పది గంటలకు గేటు దగ్గర దూరదూరంగా నిలబెట్టి నేనే పంచాను. గంటలో సంచి ఖాళీ. ఎంత క్రమంగా జరిగిందో అని సంతోషపడ్డాను కూడా. సాయంత్రం మిర్చి కోతలనుంచి వచ్చిన ఒక పెద్దమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని గేటు అవతలే నిలబడింది.

"అయిపోయినయ్యా, అయ్యగారూ?"

"పొద్దున రాకపోయావా, అమ్మా?" అన్నాను.

"పనికి పోకపోతే పొయ్యి వెలగదు గదయ్యా," అని వెళ్ళిపోయింది. ఆ రాత్రే అక్కల్ని మళ్ళీ మిషను దగ్గర కూర్చోమని అడిగాను. ఈసారి పంపకం చీకటి పడ్డాక, కూలీల గుడిసెల దగ్గర పెట్టాం.