తప్పును దాచని వృత్తి



మన హల్దియాపదర్ పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒక భాష అక్షరం రెండో భాషలో దొర్లుతుంది. పంతులు దగ్గరకు రాగానే ఆ తప్పు కనబడకుండా నోటుబుక్కు మీద చెయ్యి అడ్డుపెడతారు. తప్పును వెతికి, దాచకుండా చెప్పడమే వృత్తిగా పెట్టుకున్న ఒకాయన గురించి ఈ పూట చెప్పుకుందాం.

ఆయన రాజా చారి. తండ్రి శ్రీనివాస్ చారి ఇంజనీరింగు చదువు కోసం హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లారు. అయోవా రాష్ట్రంలో, ట్రాక్టర్లు తయారుచేసే జాన్ డీర్ కంపెనీలో పనిచేశారు. 1977లో పుట్టిన రాజా చారి 1999లో అమెరికా వైమానిక దళ అకాడమీలో పట్టా పుచ్చుకున్నారు. ఎం.ఐ.టి.లో పైచదువు చదివారు. ఎఫ్-15 యుద్ధవిమానం నడిపి, ఇరాక్ యుద్ధంలో పాల్గొన్నారు. తరువాత టెస్ట్ పైలట్ అయ్యారు.

టెస్ట్ పైలట్ పని ఏమిటంటారా? కొత్త విమానం కాగితం మీద ఎంత బాగున్నా, గాలిలో దాని నడత ఎలా ఉంటుందో ఎవరో ఒకరు ఎక్కి చూడాలి గదా! వేగం, ఎత్తు మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఎక్కడ వణికింది, ఎక్కడ చెప్పిన మాట వినలేదు అన్నది ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఒక్క లోపం దాచినా, తరువాత ఎక్కేవారి ప్రాణం మీదికి వస్తుంది. కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరంలో ఎఫ్-35 విమానాల పరీక్షా బృందానికి ఆయన నాయకత్వం వహించారు.

2017లో నాసా ఆయనను వ్యోమగామిగా ఎంపిక చేసింది. 2021 నవంబరులో, అకాడమీ విడిచిన 22 ఏళ్లకు, నలుగురి బృందానికి నాయకుడిగా అంతరిక్ష కేంద్రానికి బయలుదేరారు. అదే ఆయన తొలి ప్రయాణం!

2022 మార్చి 23న ఆయనా, జర్మనీకి చెందిన మథియాస్ మౌరర్ కేంద్రం వెలుపల పనిచేశారు. లోపలికి వచ్చాక మౌరర్ శిరస్త్రాణంలో నీరు కనబడింది. కాస్త తడే గదా అని ఎవరూ ఊరుకోలేదు. అత్యవసరం కాని వెలుపలి పనులన్నీ నాసా ఆపించి, కారణం వెతికింది. మే నెలలో చారి బృందం క్షేమంగా దిగింది.

1984లో వెళ్లిన మన రాకేశ్ శర్మ, 2025లో వెళ్లిన శుభాంశు శుక్లా కూడా టెస్ట్ పైలట్లే.

తల్లిదండ్రులారా! మీ పిల్లలు తప్పు చూపించినప్పుడు కసురుకోకండి. ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో వాళ్లచేతనే చెప్పించండి. అడ్డుపెట్టిన ఆ చిన్న చెయ్యి తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది.