మధ్యలో చిక్కుకున్న రాజు: ఇద్దరు అమెరికా కుర్రాళ్ళు, రెండు ఆటలు

చదరంగం గురించి ఆడియోలో చెప్పడం కష్టమైన పని. ఏ గుర్రం ఏ గడిలోకి వెళ్ళిందో చెబుతూ పోతే, బస్సులోనో వంట చేస్తూనో వినేవాళ్ళకి తల తిరిగిపోతుంది. అందుకే ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న ఆటల్ని ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. ఫోన్లో ఏదో ఒక చెస్ యాప్ తెరిచి, పావులు జరుపుతూ చదవండి. డ్యూటీ దిగాక ఒక అరగంట చాలు.

ముందు పేర్ల సంగతి. క్వీన్ మనకి మంత్రి, రూక్ ఏనుగు. బిషప్‌ని కొన్ని ఊళ్ళలో శకటు అంటారు, కొన్నిచోట్ల ఒంటె అంటారు. నేను శకటు అంటాను.

మనలో చాలామంది రోజూ మూడు నిమిషాల ఆటలు పది, పదిహేను ఆడేసి పడుకుంటాం. రెండేళ్ళయినా రేటింగు అక్కడే ఉంటుంది. ఓడిన ఆటని ఎవరూ వెనక్కి తిప్పి చూడరు, ఎందుకంటే తర్వాతి ఆట అప్పటికే మొదలైపోయి ఉంటుంది. పాతకాలం వాళ్ళకి ఆ సదుపాయం లేదు. ఒక మంచి ఆట అచ్చులో దొరికితే దాన్నే పదిసార్లు ఆడుకునేవాళ్ళు. మన దగ్గర ఉన్న కాస్త టైముకి ఆ పద్ధతే సరిపోతుందని నా అభిప్రాయం.

మొదటి ఆట పాల్ మార్ఫీది. ఊరు న్యూ ఆర్లీన్స్, పుట్టింది 1837లో. లా చదువు ముగించాడు కానీ ప్రాక్టీసు పెట్టే వయసు ఇంకా రాలేదు. ఆ ఖాళీలో చదరంగం ఆడాడు. 1857లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అమెరికన్ చెస్ కాంగ్రెస్ గెలిచి, మరుసటి ఏడాది యూరప్ వెళ్ళాడు. పారిస్‌లో ఒక ఒపెరా హాల్లో, బ్రున్స్‌విక్ డ్యూక్ కూర్చునే బాక్సులో, ఆ డ్యూకూ కౌంట్ ఇజ్వార్ అనే ఇంకో పెద్దమనిషీ జట్టుగా ఒకవైపు, మార్ఫీ ఒక్కడే ఇంకోవైపు ఆడారు. ఆట 17 ఎత్తుల్లో అయిపోయింది.

తెల్లపావులు మార్ఫీవి. నల్లవాళ్ళు మూడో ఎత్తుకే శకటుని బయటికి తెచ్చి, నాలుగో ఎత్తులో దాన్ని గుర్రానికి మార్చేసుకున్నారు. మార్ఫీ ఏడో ఎత్తులో మంత్రిని బి3కి తెచ్చాడు. ఒకే దెబ్బకి రెండు గురులు: ఎఫ్7 మీద, బి7 మీద. ఎఫ్7ని కాపాడటానికి నల్లవాళ్ళు తమ మంత్రిని ఈ7లో పెట్టారు. నా లెక్కలో ఆట తిరిగింది ఇక్కడే. ఆ మంత్రి తన వెనకున్న శకటుకి దారి మూసేసింది. శకటు కదలకపోతే ఆ పక్కన క్యాస్లింగ్ లేదు. రాజు మధ్యలోనే ఉండిపోయాడు.

ఇప్పుడు మార్ఫీకి బి7లో బంటు ఊరికే దొరుకుతోంది. మీరైతే తీసుకుంటారా? నేనైతే తీసుకునేవాణ్ణి. తీసుకున్నా తప్పు కాదు, గెలిచే స్థితే. కానీ నల్లమంత్రి బి4కి వచ్చి చెక్ చెబుతుంది, మంత్రులు రెండూ మారిపోతాయి, ఆట చల్లబడుతుంది. మార్ఫీ బంటుని వదిలేసి ఇంట్లో కూర్చున్న గుర్రాన్ని బయటికి తీశాడు. తర్వాత రెండో శకటుని తెచ్చి నల్లగుర్రాన్ని కదలకుండా కట్టేశాడు. నల్లవాళ్ళు శకటుని తరమడానికి బంటు తోస్తే, ఆ బంటుకి గుర్రాన్నే ఇచ్చేశాడు. 12వ ఎత్తులో క్యాస్లింగ్. దాంతో రాజు భద్రం, ఏనుగు కూడా అదే ఎత్తులో నేరుగా డి వరసలోకి. ఆ ఏనుగునీ ఇచ్చేశాడు. వెంటనే రెండో ఏనుగు దాని చోట్లోకి వచ్చింది. 16వ ఎత్తులో మంత్రిని ఇచ్చాడు. 17లో ఏనుగు, ఆట కట్టు.

చివర్లో బోర్డు చూడండి. మార్ఫీకి బంట్లు, రాజు కాక మిగిలింది ఒక ఏనుగు, ఒక శకటు. అంతే. నల్లవాళ్ళకి మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం అన్నీ ఉన్నాయి. అందులో ఏనుగూ శకటూ ఆట మొత్తంలో ఒక్క గడి కూడా కదల్లేదు.

ఇక్కడి నుంచి 98 ఏళ్ళు ముందుకి, న్యూయార్క్‌కి రండి. 1956 అక్టోబర్ 17, మార్షల్ చెస్ క్లబ్. 13 ఏళ్ళ బాబీ ఫిషర్. బ్రూక్లిన్ కుర్రాడు, తల్లి ఒక్కతే పనిచేసుకుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచింది. 1949లో అక్క కొనుక్కొచ్చిన చవక చెస్ సెట్టుతో మొదలుపెట్టాడు. ఎదురుగా 26 ఏళ్ళ డోనల్డ్ బర్న్, అప్పటికే 1953 యూఎస్ ఓపెన్ గెలిచినవాడు. ఆ టోర్నమెంట్లో ఉన్న 12 మందిలో ఫిషర్ చివరికి కింది సగంలోనే మిగిలాడు. ఈ ఒక్క ఆట మాత్రం ఎవరూ మర్చిపోలేదు. ‘ఈ శతాబ్దపు ఆట’ అని పేరు పెట్టింది హన్స్ క్మోక్.

తెల్లపావులు బర్న్‌వి. మొదటి పది ఎత్తుల్లో మూడు మంత్రికే ఖర్చయ్యాయి. 11వ ఎత్తులో, అంతకుముందే బయటికి తెచ్చిన శకటుని మళ్ళీ ఇంకో గడికి జరిపాడు. రాజు ఇంకా పుట్టిన గడిలోనే, పక్కనున్న శకటు ఇంకా ఇంట్లోనే. ఫిషర్ అప్పటికే క్యాస్లింగ్ చేసుకుని కూర్చున్నాడు. వెంటనే గుర్రాన్ని అంచున ఉన్న ఏ4లో పెట్టాడు, తీసుకోమన్నట్టు. తీసుకుంటే రెండో గుర్రం ఈ4 బంటుని కొట్టి, అక్కణ్ణుంచి మంత్రినీ శకటునీ కలిపి పట్టుకుంటుంది. ఈ వరస కూడా తెరుచుకుంటుంది, అందులో తెల్లరాజు నిలబడి ఉన్నాడు. బర్న్ తీసుకోలేదు. మంత్రిని వెనక్కి లాక్కున్నాడు. ఫిషర్ ఎలాగూ ఆ వరస తెరిచాడు.

16వ ఎత్తులో ఏనుగుతో చెక్, రాజు ఎఫ్1కి పక్కకి జరిగాడు, క్యాస్లింగ్ ఆశ పోయింది. ఇప్పుడు బర్న్ శకటు ఫిషర్ మంత్రి మీదికి గురిపెట్టి ఉంది. ఎవరైనా మంత్రిని తప్పిస్తారు. ఫిషర్ మంత్రిని అలాగే వదిలేసి శకటుని ఈ6కి తెచ్చాడు. బర్న్ తన రెండో శకటుతో దీన్ని తింటే, గుర్రంతో ఊపిరాడని ఆట కట్టు ఉంది. యాప్‌లో పెట్టి చూడండి, ముచ్చటేస్తుంది. బర్న్ మంత్రిని తిన్నాడు. అప్పుడు ఫిషర్ గుర్రం, శకటు కలిసి చెక్ మీద చెక్ చెబుతూ దారిలో దొరికిందల్లా ఊడ్చుకుపోయాయి. 25వ ఎత్తుకి లెక్క చూస్తే ఒక్క మంత్రికి బదులు ఒక ఏనుగు, రెండు శకట్లు, ఒక బంటు వచ్చాయి. తెల్లవాళ్ళ రెండో ఏనుగు మొదటిసారి కదిలింది 28వ ఎత్తులో, అదీ వెంటనే మార్పిడిలో పోయింది. 41వ ఎత్తులో ఆట కట్టు. ముందే ఒప్పేసుకోవచ్చు కానీ బర్న్ ఆ కుర్రాడికి చివరిదాకా ఆడే అవకాశం ఇచ్చాడు. పెద్దమనిషి.

ఈ ఆట గురించి మాట్లాడేవాళ్ళంతా మంత్రి బలి దగ్గరే ఆగిపోతారు. నాకు అది ఫలితంలా కనిపిస్తుంది. కారణం మార్ఫీ ఆటలో ఉన్నదే: మధ్యలో రాజు, ఇంట్లో నిద్రపోతున్న పావులు. ఫిషర్ పాత ఆటల్ని విపరీతంగా చదివినవాడు. 1964లో తను రాసిన పదిమంది గొప్ప ఆటగాళ్ళ జాబితాలో మార్ఫీ ఉన్నాడు. (ఇదే ఫిషర్‌ని 2004లో జపాన్ విమానాశ్రయంలో పాస్‌పోర్ట్ చెల్లదని ఆపి నెలల తరబడి నిర్బంధించారు, ఐస్‌లాండ్ పౌరసత్వం ఇచ్చాక గానీ బయటపడలేదు. కాగితాల కష్టం ఎవర్నీ వదల్లేదు. ఆ కథకి వేరే ఎపిసోడ్ కావాలి.)

అయితే పావులు బలిచ్చేస్తే గెలుస్తామా? 1918లో న్యూయార్క్‌లోనే ఫ్రాంక్ మార్షల్, అదే క్లబ్బు పెట్టినాయన, క్యూబా వాడైన కాపబ్లాంకా మీద బంటు బలిచ్చే కొత్త దాడి తీశాడు. ఎదుటివాడు ఇంటి దగ్గర తయారై వచ్చాడని కాపబ్లాంకాకి అర్థమైంది. అయినా బంటు తీసుకుని, ఒక్కో దెబ్బా కాచుకుని, 36 ఎత్తుల్లో గెలిచాడు. అతని రాజు అప్పటికే క్యాస్లింగ్ చేసుకుని ఉన్నాడు.

అదే న్యూయార్క్‌లో, వాల్ స్ట్రీట్‌లో, 2024 డిసెంబర్‌లో మన కోనేరు హంపి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ రెండోసారి గెలిచింది. 2019లో మాస్కోలో మొదటిది. గుడివాడలో పుట్టిన అమ్మాయి, నాన్న అశోక్ గారే గురువు. న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడిపోయింది. అయినా 11 ఆటల్లో 8.5 పాయింట్లు. చివరి రౌండ్లో నల్లపావులతో ఇండోనేషియా ఆటగత్తె ఐరీన్ సుకందర్‌ని ఓడించింది.

వచ్చే ఎపిసోడ్ దాకా ఒక పని. బర్న్ ఆటని 11వ ఎత్తు దగ్గర ఆపండి. శకటుని మళ్ళీ జరిపే బదులు, ఇంట్లో ఉన్న రెండో శకటుని ఈ2లో పెట్టండి, తర్వాతి ఎత్తులో క్యాస్లింగ్ చేసుకోడానికి. ఇప్పుడు ఫిషర్ వైపు కూర్చుని, ఏ4లో గుర్రం పెట్టి చూడండి. ఏమవుతుందో కంప్యూటర్‌ని అడక్కుండా ముందు ఒక కాగితం మీద రాయండి.