పగిలే ప్లేట్ల కథ

చేతిలోంచి జారి పగిలే వస్తువుల సంగతి మన ఆడవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. గాజు గ్లాసులు, పింగాణీ కప్పులు, ఊరగాయ జాడీలు... ప్రతి ఇంట్లోనూ వాటి లెక్క ఒకటి ఉంటుంది. కాని ఎవరూ తాకకుండా, పెట్టెలో పెట్టింది పెట్టినట్టుండగా, టపాకాయంత చప్పుడు చేసి ముక్కలైపోయే వస్తువొకటి మన ఇళ్ళల్లోకి వచ్చి, కొన్నేళ్ళు రాజ్యమేలి, ఇప్పుడు మెల్లిగా అటక మీదికి చేరింది. అదే కంప్యూటరులో పెట్టే సీడీ. దాని వంశవృక్షం వెదుక్కుంటూ వెనక్కి వెళితే ఎక్కడ తేలతామనుకున్నారు? చార్మినారు పక్కనున్న లాడ్ బజారులో!

నవ్వకండి. లాడ్ అంటే లక్కే. చెట్టు కొమ్మల్ని పట్టుకుని బతికే చిన్న పురుగులు కార్చే జిగురు అది. దాన్ని నిప్పుల సెగకు మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా వంచి, రాళ్ళు పొదిగితే మనం బేరమాడి కొనుక్కునే గాజులు. ఏటికొప్పాక లక్కపిడతల మీద తళతళలాడేది కూడా ఆ లక్కే. దుర్యోధనుడు పాండవులకు కట్టించిన ఇల్లు సరేసరి. ఈ లక్కను శుద్ధిచేస్తే వచ్చేదాన్ని షెల్లాక్ అంటారు. 1887లో ఎమిల్ బెర్లినర్ అనే ఆయన గ్రామఫోనుకు పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో ప్లేట్లు గట్టి రబ్బరుతో చేసి చూసి, 1890ల చివరికి షెల్లాక్‌లోకి దిగాడు. అందులో రాతిపొడి, మసి కలిపి, వేడిగా ఉన్నప్పుడే అచ్చులో వేసి నొక్కితే పాటల ప్లేటు. అంటే సుమారు యాభై ఏళ్ళపాటు ప్రపంచంలోని పాటంతా మన దేశపు పురుగుల పుణ్యమా అని తిరిగిందన్నమాట! 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడూ అంతే, మన ఘంటసాల పుష్పవిలాపం పద్యాలు పాడినప్పుడూ అంతే. 1942లో యుద్ధం మూలాన షెల్లాక్‌కు కరువొస్తే అమెరికా ప్రభుత్వం ప్లేట్ల కంపెనీలకు రేషను పెట్టింది. కొత్త ప్లేట్లు చెయ్యడానికి పాత ప్లేట్లు వెనక్కి పోగుచేసుకున్నారు, మనం చిల్లుగిన్నె ఇచ్చి కొత్త స్టీలుగిన్నె కొనుక్కున్నట్టు.

ఆ ప్లేట్లకు ఉన్న ఒకే ఒక్క అవగుణం, కింద పడితే పగలడం. మా పెదనాన్నగారింట్లో ప్లేట్లున్న బీరువా దగ్గరికి పిల్లల్ని వెళ్ళనిచ్చేవారు కాదు. అయితే ఒకటి చెప్పాలి. ప్లేటుకు బీటలుపడినా పాట ఆగేది కాదు. చుట్టుకొకసారి ముల్లు బీట మీదికెక్కి ‘టిక్’ మనేది, మళ్ళీ పాట సాగిపోయేది. ఎందుకంటే అది తిరిగేది నిమిషానికి 78 చుట్లే. బీట పెద్దదవడానికి ఆ వేగం చాలదు. తర్వాత 1948లో వినైలు లాంగ్‌ప్లే రికార్డులొచ్చాయి. వాటికి గీతలు పడేవిగాని, షెల్లాక్ ప్లేటులా పెళుక్కున విరిగేవి కావు. పగిలే ప్లేట్ల పీడ వదిలిందనే అనుకున్నారు అందరూ.

1982 అక్టోబరులో జపానులో సీడీ అమ్మకానికి వచ్చింది. ఫిలిప్స్, సోనీ కలిసి తయారుచేసిన వస్తువు. 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం, మధ్యన 15 మిల్లీమీటర్ల కన్నం. ముల్లు లేదు, వెలుతురు కిరణమే చదువుతుంది. చేసింది పాలీకార్బొనేటుతో. 1953లో కనిపెట్టిన ప్లాస్టిక్కు అది, మన ఇళ్ళకు వచ్చే ఇరవై లీటర్ల మంచినీళ్ళ డబ్బాల్లో చాలావాటిని దానితోనే చేశారు. కుర్రాడు మూడో అంతస్తు దాకా ఆ డబ్బాను మెట్లకు కొట్టుకుంటూ తెచ్చినా చెక్కుచెదరదు. అంత గట్టి సరుకు. పాటల సీడీ తిరిగే వేగం కూడా నిమిషానికి 500 చుట్ల నుంచి 200 చుట్ల మధ్యన. అంటే మన నెత్తిమీద ఫ్యాను తిరిగే వేగమే. అలా ఉన్నంతకాలం ఏ గొడవా లేదు.

గొడవంతా కంప్యూటర్లతో వచ్చింది. మా జంటనగరాలకు కంప్యూటర్లు కొత్తేమీ కాదు లెండి. కుషాయిగూడ దగ్గర ఈసీఐఎల్ పెట్టింది 1967లో. రైల్వే రిజర్వేషన్లు నడిపే కాన్సర్ట్ అనే ఏర్పాటు దేశంలో మొట్టమొదట 1994 సెప్టెంబరులో మా సికింద్రాబాదులోనే మొదలయింది. కాని ఇంటి కంప్యూటరు అంటే మాకు పార్క్ లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరే. అక్కడి దుకాణాల్లో విడిభాగాలు కొని, కళ్ళముందే బిగింపించుకుని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకునేవారు. బియ్యం కొనేటప్పుడు పాతవా కొత్తవా అని అడిగినట్టు, సీడీ డ్రైవు కొనేటప్పుడు ‘ఎన్ని ఎక్స్?’ అని అడగాలి. మొదటి సీడీ డ్రైవు వేగం ఒక ఎక్స్ అనుకుంటే, దానికి రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు... 1990ల చివరికొచ్చేసరికి 40, 48, ఆ తర్వాత 52. పక్కింటివాళ్ళది 48 అయితే మనది 52 కావాలి. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ 52 అనేది ప్లేటు బయటి అంచున మాత్రమే. సీడీ చదవడం లోపలినుంచి మొదలవుతుంది, అక్కడ వేగం అందులో సగం కూడా ఉండదు. సగం నిండిన సీడీ పెడితే మనం డబ్బు పోసి కొన్న 52 ఎప్పటికీ రాదు!

ఆ వేగం ఎంతో కాస్త లెక్క వేసి చూద్దాం. నిమిషానికి పదివేల చుట్ల పైమాట. ప్లేటు అంచు గంటకు సుమారు 226 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఆ లెక్కన రైలు నడిస్తే సికింద్రాబాదులో ఎక్కి పచ్చళ్ళ బుట్ట సర్దుకునేలోపల కాజీపేట వచ్చేస్తుంది, 35 నిమిషాలు. తిరిగే వస్తువు తనను తాను బయటికి చీల్చుకోవాలని చూస్తుంది, ఆ లాగుడు వేగంతోపాటు మామూలుగా పెరగదు. వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలు. 500 చుట్లనుంచి పదివేలకు, అంటే ఇరవై ఇంతలకు పోతే, లాగుడు నాలుగువందల ఇంతలు. అది ఎక్కువగా పడేది మధ్యనున్న కన్నం చుట్టూనే. నిక్షేపంలాంటి ప్లేటు దాన్ని కూడా తట్టుకుంటుంది. కన్నం అంచున వెంట్రుకవాసి బీట ఉందా, ఇక అంతే. గ్రామఫోను ప్లేటు ‘టిక్’ మని ఊరుకున్న చోట సీడీ క్షణంలో వంద ముక్కలవుతుంది. ముక్కలు డ్రైవు ముందు తలుపును నెట్టుకుని బయటికొచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

ఆ బీట ఎలా వస్తుంది? సీడీ డబ్బా మధ్యన పళ్ళలాంటివి ఉంటాయి చూడండి, అవి ప్లేటును పట్టుకుంటాయి. మధ్యలో నొక్కితే వదులుతాయి. నొక్కకుండా అంచు పట్టి విల్లులా వంచి లాగితే ఆ ఒత్తిడంతా కన్నం దగ్గర పడుతుంది. గాజులమ్మే వాళ్ళు చేతిని ఎక్కడ నొక్కాలో ఎరిగి గాజు ఎక్కిస్తారు, మనం లాగితే చిట్లుతుంది. ఇదీ అంతే. పైన కాగితం లేబులు ఒకపక్కకు అంటిస్తే బరువు తేడావచ్చి ప్లేటు వణుకుతుంది. అది రెండో ప్రమాదం.

2003లో మా ఇంట్లో పగిలిన ప్లేటుకు ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. మా అత్తగారు పాడిన మంగళహారతులు, అప్పగింతల పాటలు పదకొండు. క్యాసెట్టులో ఉన్నవాటిని సీడీ చేయించారు మావారు. చేసిన దుకాణం పేరు ఎందుకులెండి, దాని మీద అమ్మవారి బొమ్మ ఉన్న లేబులు అంటించి మరీ ఇచ్చారు. ఆవిడ పోయిన ఏడాదికి, మా ఆడబిడ్డ వచ్చినప్పుడు వినిపిద్దామని పెట్టాం. ముందు ఈలలా ఒక మోత, బల్ల అదిరింది, అంతలో ఫటేల్మని చప్పుడు. మా ఆడబిడ్డ “అమ్మో!” అని లేచి నిలబడింది. తర్వాత నిశ్శబ్దం.

పెట్టె పట్టుకుని చెనాయ్ సెంటరుకు వెళ్ళాం. అక్కడి కుర్రాడు డ్రైవు విప్పి, పాత దినపత్రిక పరిచి బోర్లించాడు. సూదుల్లాంటి ముక్కలు, వెండిరజను, సగం చినిగిన అమ్మవారి బొమ్మ. “లెన్సు కూడా పోయింది ఆంటీ, కొత్తది వేసుకోవాల్సిందే” అన్నాడు. “పాటలు తియ్యడానికవుతుందా బాబూ?” అంటే వాడు నవ్వలేదు, అది నాకిప్పటికీ గుర్తు. “ముక్కలు ఏరుకోకండి, చెయ్యి కోసుకుంటుంది” అని మాత్రం అన్నాడు. క్యాసెట్టు వెతికితే అప్పటికే దాని టేపు నలిగిపోయి ఉంది, నాలుగు పాటలు దక్కాయి. మిగిలిన ఏడింటిలో మూడు మా ఆడబిడ్డకు నోటికి వచ్చు. తక్కిన నాలుగూ ఎవరికీ రావు.

కంపెనీలు చూస్తూ ఊరుకోలేదు. వణుకు ఎక్కువైతే వేగం తగ్గించే ఏర్పాటు డ్రైవుల్లో పెట్టారు. బీటవారిన ప్లేట్లు పెట్టవద్దని పుస్తకంలో అచ్చువేశారు (ఆ పుస్తకం ఎవరు చదివారు గనక!). కెన్‌వుడ్ వారు తెలివిగా, ప్లేటును నెమ్మదిగానే తిప్పుతూ ఒక్కసారి ఏడు కిరణాలతో చదివే డ్రైవు చేశారు గాని అది ఎక్కువకాలం నిలవలేదు. చివరికి పోటీ 52 దగ్గరే ఆగిపోయింది. తర్వాత వచ్చిన డీవీడీలు కూడా ఆ పదివేల చుట్ల దరిదాపుల్లోనే ఆగాయి.

పగిలే ప్లేటు ఇంకొకటి ఉంది, మనకు కనిపించదు. కంప్యూటరు లోపలి హార్డ్ డిస్కు. 1956లో ఐబీఎం చేసిన మొదటి దానిలో రెండేసి అడుగుల వెడల్పున్న లోహపు పళ్ళేలు 50 ఉండేవి, మొత్తం బరువు టన్ను పైన. ఇప్పుడది అరచేతిలోకి వచ్చింది, ల్యాప్‌టాపుల్లో వాడిన చిన్నవాటిలో పళ్ళేలు చాలామటుకు గాజువి. అవును, అచ్చంగా గాజే, పైన అయస్కాంతపు పూత. లోహం కన్నా నున్నగా ఉంటుందని, వంగదని వాడారు. తిరుగుతున్నప్పుడు కిందపడితే అవి చిట్లుతాయి. తీసి ఊపి చూస్తే లోపల గాజుముక్కలు గలగలమంటాయి. అప్పుడిక ఏ దుకాణంవాడూ ఏమీ చెయ్యలేడు. తిరిగే పళ్ళెమే లేని కొత్తరకం వచ్చాక ఆ భయం తగ్గింది.

పాత సీడీలు మీ ఇంట్లో కూడా ఓ సంచీడు ఉండే ఉంటాయి. పెళ్ళి వీడియోలు, పిల్లల పుట్టినరోజులు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని కన్నం చుట్టూ చూడండి, సాలెగూడు దారంలాంటి గీత కనిపిస్తే పాత బల్లకంప్యూటరులో పెట్టకండి. నెమ్మదిగా తిప్పే డ్రైవు ఉన్నవాళ్ళచేత నకలు తీయించుకోవడం మంచిది. మా ఎదురింటివాళ్ళు మాత్రం ఆ శ్రమ పెట్టుకోలేదు. దారం కట్టి బాల్కనీలో వేలాడదీశారు, పావురాలు బెదిరిపోతాయని. పావురాలు వాటి పక్కనే కూర్చుని మొహం చూసుకుంటున్నాయి.