ఆటపెట్టెల వర్తకము

శ్రోతలారా, వీడియో గేముల ప్రచురణ వర్తకమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. పిల్లలాటలకు చరిత్ర యేమి, దానిని పెద్దలు వినుట యేల యని మీలో కొందరనుకొనవచ్చును. ఆట పిల్లలదే, వర్తకము మాత్రము పెద్దలది. పుస్తకము నొకరు రచింప వేరొకరు అచ్చొత్తించి యమ్మునట్లే, ఈ యాటలను గూడ కొందరు నిర్మింతురు, మరికొందరు ప్రచురింతురు. అయితే పుస్తకమునకు లేని చిక్కొకటి వీనికి గలదు. పుస్తకము చదువుటకు కన్నులును అక్షరజ్ఞానమును ఉన్న జాలును. ఈ యాట కట్లు గాదు. టెలివిజనునకు దగిలించు నొక యంత్రము ముందుగా నింట నుండవలెను. దానిని కన్సోలందురు. నేనీ ప్రసంగమున ఆటపెట్టె యనెదను. ఒక కంపెనీ పెట్టెకై చేసిన యాట మరియొక కంపెనీ పెట్టెలో నాడదు. ఆ వర్తకపు లాభనష్టములలో పెక్కులు ఈ యొక్క నియమమునుండియే పుట్టినవి.

కొంతకాలము క్రిందట మా మనుమడు తాండూరులోని మిత్రుని యింటనుండి యొక డిస్కు నెరువు దెచ్చుకొని, రైలులో సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణము చేసి వికారాబాదునకు వచ్చెను. మిత్రునిది మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్సు; మా యింటనున్నది సోనీవారి ప్లేస్టేషను. పెట్టె యా డిస్కును ముట్టనైన ముట్టలేదు. "తాతా, రెండు డిస్కులు ఒక్కతీరే ఉన్నయి గద, ఎందుకు నడుస్తలేదు?" అని వాడడిగెను. సందేహము చిన్నదే గాని, సమాధానము చెప్పుటకు నాకు నెలదినముల చదువు పట్టినది.

నిజమునకు మన ప్రాంతమువారికి ఈ సంగతి కొత్త గాదు. 1874లో వాడినుండి తాండూరు, వికారాబాదుల మీదుగా సికింద్రాబాదునకు నిజాము రైలుమార్గము పడినది. దాని పట్టాల నడుమ వెడల్పు 5 అడుగుల 6 అంగుళములు. వాడిలో దానిని గలియు గ్రేటు ఇండియన్ పెనిన్సులా రైల్వే వెడల్పును అంతియే. కావున తాండూరులో నొకమారు వాగను కెక్కించిన బండ నడుమ దింపవలసిన పని లేకుండ బొంబాయిదాక సాగుటకు వీలయ్యెను. 1900 ప్రాంతమున సికింద్రాబాదునుండి మన్మాడునకు బూర్తియైన గోదావరీలోయ మార్గమన్ననో మీటరుగేజి. ఆ దారిని బోవలసిన మన సరుకును సికింద్రాబాదులో దింపి వేరు వాగనున కెక్కింపవలెను. దింపుడు కూలి, ఎక్కింపుడు కూలి, జాప్యము, పగిలిన బండల నష్టము. సరుకు విలువ అణాయైన పెరుగలేదు. ఖర్చు మాత్రము పెరిగినది.

ఆట నొక పెట్టెనుండి మరియొక పెట్టెకు మార్చుటయు నట్టిదే. దానిని పోర్టింగందురు. కథ యదియే, బొమ్మలవియే, సంగీతమదియే. అయినను యంత్రమునకిచ్చు నాజ్ఞలలో ననేకములు తిరుగవ్రాసి, మరల మొదటినుండి పరీక్షించి, ఆ పెట్టె యజమానియొక్క యనుమతి పొందవలెను.

లెక్క జెప్పిన గాని యిది బోధపడదు. మాటవరసకు ఒక యాట నిర్మించుటకు కోటి రూపాయలైన దనుకొందము. డిస్కు వెల 500. అంగడివాని భాగము, సర్కారు పన్ను, డిస్కు ఖర్చు, పెట్టె యజమాని వంతు పోగా ప్రచురణకర్తకు 200 మిగిలె ననుకొందము. అసలు రాబట్టుటకే 50,000 ప్రతులు అమ్ముడుపోవలెను. రెండవ పెట్టెకు మార్చుటకు మరి 20 లక్షలు కావలసిన యెడల, ఆ పెట్టెపై 10,000 ప్రతులకు మించి యమ్మగలిగిననే మార్పు గిట్టును. ప్రచురణకర్త కూడికలు తీసివేతలన్నియు నింతియే: ఏ పెట్టె యెన్ని యిండ్లలో నున్నది, ఆ యిండ్లవారు సంవత్సరమునకెన్ని డిస్కులు కొందురు, పెట్టె యజమాని యెంత పుచ్చుకొనును.

పెట్టె యజమాని యెందులకు బుచ్చుకొనును? మా చిన్నతనమున కొన్ని మిల్లులలో వడ్లు పట్టినందుకు కూలి యడుగక తవుడుంచుకొనెడివారు. రైతునకు ఉచితముగ దోచును. మిల్లువానికి తవుడే యాదాయము. ఆటపెట్టెల వారిదియు నదే రీతి. 2006లో సోనీవారు మూడవ ప్లేస్టేషనును అమెరికాలో 499, 599 డాలర్లకు విక్రయించిరి. దానిని విప్పి లోపలి వస్తువులకు వెలగట్టిన పరిశీలకులు తయారీకే 800 డాలర్లు మించునని తేల్చిరి. ఆ లోటు నాటలపై రాయల్టీతో బూడ్చుకొనవలెను. ఇతరులు చేసిన యాటయైనను, తమ పెట్టెపై నాడు ప్రతి డిస్కునకు నింత యని యజమానికి ముట్టవలసినదే.

ఈ పద్ధతి మొదటినుండి యున్నది గాదు. 1977లో వచ్చిన అటారీ పెట్టెకు ఆ కంపెనీయే యాటలు చేసికొనెడిది. నిర్మాతలకు నెల జీతమేగాని పేరు లేదు, భాగము లేదు. 1979లో నలుగురు నిర్మాతలు బయటికి వచ్చి, మరియొక వర్తకునితో గలసి ఆక్టివిజన్ అను కంపెనీ పెట్టి, అటారీ పెట్టెకే స్వయముగా నాటలు చేసి యమ్మసాగిరి. అటారీవారు వ్యాజ్యము వేసిరి. 1982లో రాజీ కుదిరి, రాయల్టీ యిచ్చి యాటలు చేసికొనుటకు దారి యేర్పడెను. దారి తెరువగానే తిరునాళ్ళలో అంగళ్ళవలె కంపెనీలు వెలసినవి. నాసి యాటలు గుట్టలు పడెను. 1983నాటికి అమెరికాలో 320 కోట్ల డాలర్లని చెప్పబడిన యీ వ్యాపారము రెండేండ్లలో 10 కోట్లకు దిగజారినది. అమ్ముడుపోని సరుకును అటారీవారు న్యూమెక్సికో యెడారిలో గోతులు త్రవ్వి పూడ్చిరి. ఇది కట్టుకథ యని చాలమంది యనుకొనిరి గాని, 2014లో త్రవ్వి చూడగా ఆ యాటలు నిజముగానే బయటపడెను.

జపానుదేశపు నింటెండోవారు 1985లో అమెరికాలో బ్రవేశించునపుడు ఈ పాఠము బాగుగా జదివి వచ్చిరి. తమ పెట్టెలో నొక తాళపు చిప్పును, తామనుమతించిన యాటలలో దానికి జోడైన మరియొక చిప్పును అమర్చిరి. రెండును గలసిననే యాట నడచును. కార్ట్రిడ్జీలు తామే తయారుచేయుదురు. ప్రచురణకర్త ముందుగా సొమ్ము చెల్లించి కొనవలెను. అమ్ముడుపోకున్న నష్టము ప్రచురణకర్తదే. ఒక కంపెనీ సంవత్సరమునకు 5 ఆటలకు మించి ప్రచురింపరాదు. ఆ యాటను రెండేండ్లవరకు మరియొక పెట్టెపై వేయరాదు. ఈ చివరి షరతును మరల గమనింపుడు. పట్టాల వెడల్పు వేరగుట యొక యడ్డంకి. దాని పై సరుకు నవతలి బండి కెక్కింపనే గూడదని శాసించుట మరియొకటి.

అయిదాటల నియమమును దాటుటకు కొనామీ యను కంపెనీ 1988లో అల్ట్రా యను వేరు పేరుతో మరియొక సంస్థ పెట్టి, ఆ పేరుతో మరికొన్ని యాటలు ప్రచురించినది. భూపరిమితి చట్టము వచ్చినపుడు మన యూళ్ళలో పొలములు ఎవరెవరి పేర జేరినవో యెరిగిన పెద్దలకు దీనిని విప్పి చెప్ప బనిలేదు.

నింటెండో పట్టును సడలించినది న్యాయస్థానముకన్న పోటీయే యని నా యభిప్రాయము. 1990లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీవారు సేగా పెట్టె మర్మమును తామే ఛేదించి, ఆ బలముతో సేగావారియొద్ద మంచి షరతులు పొందిరి. 1994లో సోనీ తన పెట్టెకు కార్ట్రిడ్జీలు మాని డిస్కులు వాడెను. కార్ట్రిడ్జి చేయుటకు డబ్బును ఎక్కువ, నెలలును ఎక్కువ; డిస్కు చౌక, కావలసినపుడు కావలసినన్ని ప్రతులు వేసికొనవచ్చును. ఇంతకాలము నింటెండోతోనున్న స్క్వేర్ కంపెనీ తన ఫైనల్ ఫాంటసీ యేడవ యాటను 1997లో సోనీ పెట్టెపై మూడు డిస్కులుగా ప్రచురించినది. ఒక పెద్ద రచయిత వేరు ప్రచురణాలయమునకు వెడలిపోయినట్లైనది.

ఇక మన హైదరాబాదు సంగతి. సోనీవారి రెండవ ప్లేస్టేషను 2000లో వచ్చి, లోకమంతట 15 కోట్లకు పైగా నమ్ముడుపోయినది. మూడవది 2007లో మనదేశమునకు వచ్చినపుడు దాని వెల 39,990 రూపాయలు. అంత పెట్టగల గృహస్థులెందరు? పాత పెట్టెయే మన మధ్యతరగతికి అందినది. అందుచేత సోనీవారు మనదేశపు కథలతో పాత పెట్టెకే యాటలు చేయింప సంకల్పించిరి. 2009లో హైదరాబాదునందలి అరోనా టెక్నాలజీస్‌వారు "హనుమాన్: బాయ్ వారియర్" అను నాటను నిర్మింప, సోనీయే ప్రచురించెను. సంపూర్ణముగా భారతదేశమున నిర్మింపబడిన తొలి కన్సోలు ఆటగా దీనిని చెప్పుదురు. అదే సంవత్సరమున హైదరాబాదునందలి గేమ్‌శాస్త్రవారు "దేశీ అడ్డా" యను నాటను జేసిరి. కబడ్డీ, గాలిపటములు, మనము చిర్రగోనె యనెడి గిల్లీదండా అందులోని యాటలు. ఇది రెండవ ప్లేస్టేషనుపైనను, చేతబట్టుకొను పీ.ఎస్.పీ. పైనను వెలువడెను. రెండు పెట్టెలును సోనీవే.

హనుమంతుని యాటను గూర్చి అమెరికాలోని కొందరు హిందూ పెద్దలు, దేవుని మీటలతో నాడించుట తగదని యాక్షేపించిరి. మన తోలుబొమ్మలాటలో హనుమంతుని వెదురుపుల్లలతో నాడించుచునే యున్నారు. ఎవరును తప్పుపట్టిన జాడ లేదు. అంతకన్న గట్టి యాక్షేపణ పనితనమును గూర్చినది. ఆడిచూచిన విమర్శకులు కూర్పు నాసిగా నున్నదనిరి. ఆ మాట కొట్టివేయదగినది కాదు. అయితే దాని మూలము లెక్కలోనే యున్నది. వందల రూపాయల వెలకు, మనదేశపు గిరాకీనే నమ్ముకొని, నకలు డిస్కులు చవుకగా దొరకు బజారులో అమ్మవలసిన యాటకు పెట్టుబడి యెంత పెట్టగలరు? అనేకులు పనిచేసి లోకమంతట నమ్ముడుపోవు ఆటతో అది యదే పెట్టెపై, అదే టెలివిజనుపై, ప్రక్కప్రక్కన పోటీపడవలెను. చేనేతవానికి మిల్లుబట్టతో నిట్టి పోటీయే వచ్చినది.

రెండవ ప్లేస్టేషను తయారీని సోనీవారు 2013 మొదటనే చాలించిరి. 2013 చివర వచ్చిన నాలుగవ పెట్టెలో గాని, 2020లో వచ్చిన యైదవ పెట్టెలో గాని పాత డిస్కులు తిరుగవు. ప్రచురణకర్తకు గిట్టిన యాటలను కొత్త పెట్టెలకు మార్చి మరల నమ్మిరి. హనుమంతుడును చిర్రగోనెయు ఆ లెక్కకందలేదు. తాటాకు గ్రంథమును చెదలు దినినను ఎవరో యొకరు ప్రతి వ్రాసికొనియుందురను నాశ గలదు. తాళము వేసిన డిస్కునకు ప్రతి వ్రాసికొనుట యంత సులభము గాదు. ఈ విషయము తలచినపుడెల్ల పండితుల వద్ద జదువుకొన్న నాబోటివానికి మనసు కలుక్కుమనును.

హైదరాబాదున నాటల పని నేడు తక్కువ గాదు. పైన జెప్పిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌వారే యిచట కార్యాలయము పెట్టిరి. విదేశీ ప్రచురణకర్తలకై బొమ్మలు వేయువారు, పరీక్షించువారు, ఒక పెట్టెనుండి వేరొక పెట్టెకు మార్చువారు మన పిల్లలలో ననేకులు గలరు. జీతములు మంచివే. కాని యది జీతము. అమ్మకములో పాలు గాదు. తాండూరు బండను గనిలో దీయువానికి దినకూలి ముట్టును. దానిని నునుపుచేసి పట్టణపు మేడలలో బరచినప్పటి వెల వాని చెవికైన రాదు.

దారులు కొంత వెడల్పైన మాట నిజమే. రైల్వేవారు 1992లో యూనిగేజి పథకము పెట్టి మీటరుగేజి మార్గములను బ్రాడుగేజిగా మార్చినట్లు, ఆటల లోకమున యూనిటీ, అన్‌రియల్ వంటి "ఇంజను"లు వచ్చినవి. వానిపై నొకమారు వ్రాసిన యాటను స్వల్పమైన యదనపు శ్రమతో పలు పెట్టెలకు మార్చుకొనవచ్చును. పుణెలోని యొక చిన్న సంస్థ చేసిన "రాజీ" యను పౌరాణికపు ఆట 2020 ఆగస్టులో నింటెండో స్విచ్‌పై వెలువడి, అక్టోబరుకల్లా సోనీ, మైక్రోసాఫ్టు పెట్టెలపైకిని వచ్చినది. 2009లో హైదరాబాదువారికి ఈ సౌకర్యము సులభముగ నందుబాటున లేదు.

పెట్టె లేకుండ, చేతి ఫోనులోనే యాడు నాటలే మన పల్లెలలో నేడు హెచ్చు. అచట సుంకము లేదనుకొనరాదు. 2008లో ఆపిల్‌వారు తమ ఫోనునకు అంగడి తెరచి, అమ్మకములో నూటికి 30 వంతులు తమవనిరి. గూగుల్‌వారును అదే వంతు బెట్టిరి. 2021నుండి యేటా తొలి పది లక్షల డాలర్లపై దానిని 15కు తగ్గించిరి. తమ చెల్లింపు మార్గమునే వాడవలెనని నిర్బంధించినందులకు గూగుల్‌పై మన పోటీ కమిషనువారు 2022 అక్టోబరున 936 కోట్ల రూపాయల జరిమానా వేసిరి. 2025లో అప్పీలు ట్రిబ్యునలు దానిని సుమారు 216 కోట్లకు దగ్గించినది.