వేసవి సెలవుల్లో పుట్టిన ఎంజైమ్

అమెరికాలోని సియాటిల్ నగరం. 2011 వేసవి. తోటివాళ్లంతా సెలవుల్లో ఉంటే, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కొందరు డిగ్రీ విద్యార్థులు మాత్రం ల్యాబ్‌ను అంటిపెట్టుకుని ఉన్నారు. బల్ల మీద అరచేయంత ప్లాస్టిక్ పలక. అందులో 96 చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో రకం ఎంజైమ్ కలిసిన ద్రవం. పిపెట్‌తో వాటిలో ఓ పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క) చుక్క వేస్తారు. ఎంజైమ్ ఆ పెప్టైడ్‌ను తెంపితే వెలుగు పుడుతుంది, యంత్రం దాన్ని కొలుస్తుంది. తెంపకపోతే ఆ నమూనాను పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

వాళ్లు తెంపాలనుకుంటున్నది గ్లూటెన్‌ని.

కడుపులోనే కత్తిరించాలి

చపాతీ పిండి సాగుతుందంటే అది గ్లూటెన్ చలవే. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం అదే శత్రువు. ఈ ప్రొటీన్‌లో ప్రోలిన్, గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాలు పక్కపక్కనే ఎక్కువగా ఉంటాయి. మన జీర్ణరసాలు ఆ జంటను సరిగా విడగొట్టలేవు. అరగని ముక్కలు చిన్నపేగుకు చేరగానే రోగనిరోధక వ్యవస్థ ఎదురు తిరిగి సొంత పేగు గోడనే దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. దీనికి మందు లేదు. జీవితాంతం గోధుమ, బార్లీ మానేయడమే దారి. అంటే చపాతీ, బొంబాయి రవ్వ ఉప్మా, మైదా పరోటా అన్నీ బంద్. చాలా రకాల ఇంగువలో గోధుమ పిండి కలుస్తుంది కాబట్టి పులిహోర తినాలన్నా ఆరా తీయాల్సిందే.

గ్లూటెన్ పేగుదాకా వెళ్లకముందే, కడుపులోనే దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ ఉంటే? విద్యార్థులు పట్టుకున్న ప్రశ్న ఇదే. అయితే ఆ ఎంజైమ్ కడుపులోని ఆమ్లానికి తట్టుకోవాలి, ఒంటి వేడిలో పనిచేయాలి, ప్రోలిన్-గ్లూటమిన్ జంటనే వెతికి పట్టాలి.

వెతగ్గా వెతగ్గా జపాన్‌లోని సెందాయ్ మట్టిలో దొరికిన ఓ బ్యాక్టీరియాకు చెందిన ఎంజైమ్ కనిపించింది. పేరు కుమామోలిసిన్. ఆమ్లంలో చక్కగా పనిచేస్తుంది. కానీ దానికి నచ్చే జంట వేరు. గ్లూటెన్ జంటను అది పెద్దగా పట్టించుకోదు. దాని స్వభావాన్నే మార్చాలి.

ప్రొటీన్ల రూపకల్పనలో పేరున్న డేవిడ్ బేకర్ ల్యాబ్ అక్కడే ఉంది. ఆ ల్యాబ్ తోడ్పాటుతో పుట్టిన ఫోల్డిట్ అనే కంప్యూటర్ ఆటలో విద్యార్థులు ఎంజైమ్ నమూనాను తెర మీద తిప్పి చూస్తూ, ఎక్కడ ఏ అమైనో ఆమ్లం మారిస్తే గ్లూటెన్ ముక్క అందులో ఇముడుతుందో ఊహించారు. ఆ మార్పును జన్యువులో చేసి, ఈ-కొలై బ్యాక్టీరియాలో పెట్టి పెంచి, పరీక్షించారు. అలా వందకు పైగా రకాలు. ఫలితం ఇచ్చిన మార్పులను ఒకచోట కలిపారు. చివరికి ఏడు చోట్ల మార్పులతో నిలిచిన ఎంజైమ్‌కు కుమామ్యాక్స్ అని పేరు పెట్టారు. పరీక్షకు వాడిన గ్లూటెన్ ముక్కను అది అసలు ఎంజైమ్ కంటే 116 రెట్లు చురుగ్గా తెంపింది.

కప్పు గెలిచాక...

ఈ శ్రమంతా ఐజెమ్ అనే పోటీ కోసం. ఇది 2003 జనవరిలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఓ చిన్న కోర్సుగా మొదలై, 2004లో అయిదు జట్ల పోటీగా మారింది. జీవకణాలకు కొత్త పని నేర్పే ప్రాజెక్టును విద్యార్థులే ఎంచుకుని, చేసి చూపించాలి. 2011 నవంబరులో ఎంఐటీలో జరిగిన ఫైనల్స్‌లో గ్రాండ్ ప్రైజ్ వాషింగ్టన్ జట్టును వరించింది. ఒక అమెరికా జట్టు ఆ బహుమతి గెలవడం అదే మొదటిసారి.

చాలా పోటీల కథలు ఇక్కడితో ముగుస్తాయి. దీన్ని మాత్రం మధ్యలో వదిలేయలేదు. 2012లో ఈ పని అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో పరిశోధన వ్యాసంగా వచ్చింది. బేకర్ పేరు పక్కనే విద్యార్థుల పేర్లూ అచ్చయ్యాయి. జట్టుకు దారి చూపిన యువ పరిశోధకురాలు ఇంగ్రిడ్ స్వాన్సన్ పుల్జ్ ఆ ఎంజైమ్‌ను ఏళ్ల తరబడి మెరుగుపరిచారు. దాన్ని మందుగా మార్చేందుకు పీవీపీ బయోలాజిక్స్ అనే స్టార్టప్ పుట్టింది. 2017లో జపాన్ ఔషధ సంస్థ టకేడా పరిశోధన ఖర్చులకు 3.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. తొలి దశ పరీక్షల్లో మెరుగుపరిచిన ఎంజైమ్ భోజనంలోని గ్లూటెన్‌ను 97 శాతానికి పైగా విడగొట్టింది. 2020లో టకేడా ఆ కంపెనీనే కొనేసింది. లక్ష్యాలన్నీ నెరవేరితే చెల్లించే మొత్తం 33 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని ప్రకటించింది. జట్టుకు మరో మార్గదర్శి జస్టిన్ సీగెల్ యూసీ డేవిస్‌లో ప్రొఫెసర్ అయ్యారు. బేకర్‌కు 2024లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇన్ని జరిగినా ఆ ఎంజైమ్ ఇంకా మందుల దుకాణానికి చేరలేదు. ల్యాబ్ నుంచి రోగి చేతికి దారి అంత పొడవు. కంపెనీ పెట్టినంత మాత్రాన అంతా సాఫీగానూ సాగదు. తొలినాటి ఐజెమ్‌తో పెనవేసుకున్న ఎంఐటీ పరిశోధకులు 2008లో స్థాపించిన గింకో బయోవర్క్స్ 2021లో స్టాక్ మార్కెట్‌కు ఘనంగా వచ్చింది. తర్వాత షేరు ధర దారుణంగా పడిపోయింది, ఉద్యోగాలూ పోయాయి. అయినా ఆ విద్యార్థులు నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. ప్రశ్న వేయడం, ఓడిన నమూనాను పక్కన పెట్టి కొత్తది కట్టడం, పదిమందితో కలిసి పనిచేయడం ఏ పరిశోధనకైనా, ఏ సంస్థకైనా పెట్టుబడి.

మన దేశం నుంచీ ఐఐటీ మద్రాస్ వంటి సంస్థల జట్లు ఈ పోటీకి వెళ్తున్నాయి. హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది, బయోటెక్ కంపెనీల జీనోమ్ వ్యాలీ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో బయోటెక్నాలజీ చెప్పే కళాశాలలకు కొదవ లేదు. ప్రిన్సిపాళ్లకూ, అధ్యాపకులకూ ఒక్కటే మనవి. ప్రాజెక్టు అంటే రికార్డు పుస్తకం నింపడం కాదు. ఒక వేసవి పాటు ల్యాబ్ తాళం పిల్లల చేతికివ్వండి. ప్రశ్నను వాళ్లనే ఎంచుకోనివ్వండి. తప్పు చేస్తే మార్కులు కోయకుండా, మళ్లీ ప్రయత్నించే వీలు కల్పించండి.