తల్లి ముద్ర, తండ్రి ముద్ర

జన్యువు తల్లిదైనా తండ్రిదైనా ఒకేలా పనిచేస్తుందని మెండెల్ పాఠంలో చదివారు. మేమూ అలాగే చదువుకున్నాం. 1984లో కేంబ్రిడ్జ్‌లో అజీం సురానీ బృందం, అమెరికాలో మెక్‌గ్రాత్, సోల్టర్ వేర్వేరుగా చిట్టెలుక అండాల్లో కేంద్రకాలు మార్చి చూశారు. రెండూ తల్లివే, లేదా రెండూ తండ్రివే ఉంచారు. క్రోమోసోముల లెక్క సరిపోయింది. పిల్ల మాత్రం పుట్టలేదు. రెండూ తల్లివైతే పిండం కొంత పెరిగినా జరాయువు (మాయ) సరిగా ఏర్పడలేదు. తండ్రివైతే జరాయువు పెరిగింది, పిండం కుంటుపడింది.

డి.ఎన్.ఎ. వరుస మారలేదని గమనించండి. పరీక్షలో చాలామంది ఇక్కడే పొరబడతారు. అండంలో ఒక రకంగా, శుక్రకణంలో మరో రకంగా పడిన మిథైల్ గుర్తులే తేడాకు కారణం.

మనుషుల్లోనూ ఇంతే. 15వ క్రోమోసోములో ఒకే భాగం తండ్రి నుంచి రాకపోతే ప్రాడర్-విల్లీ, తల్లి నుంచి రాకపోతే ఏంజెల్‌మన్ అనే వేర్వేరు వ్యాధులు బిడ్డకు వస్తాయి.