ఉప్పర

ఉప్పర (ఉప్పరి అనే రూపమూ ఉంది): మొదట మట్టి నుంచి ఉప్పు తీసినవారికి, తర్వాత చెరువులు తవ్వి కట్టలు పోసినవారికి వాడిన పేరు. కుమ్మరి, కమ్మరి లాగే ఇదీ పని నుంచి పుట్టిన మాట. మేడను చెప్పే ‘ఉప్పరిగ’కు దీనితో చుట్టరికం లేదు, అది సంస్కృతపు ‘ఉపరి’ నుంచి వచ్చింది.

మూలపదమైన ‘ఉప్పు’ తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ ఉంది. ఆదిలాబాదు వైపు కొలామీలో మాత్రం ‘సుప్’, బస్తరులోని పర్జీలో ‘చుప్’. పూర్వ ద్రావిడంలో పదం మొదట ఉన్న చకారం మన వైపు జారిపోయిందని భాషావేత్తలు చెబుతారు. మనం ‘ఈ’ (ఇయ్యి) అనేచోట కొలాములు ‘సీ’ అనడమూ ఇలాంటిదే.

వెలిగండ్ల, కనిగిరి లాంటి మెట్టసీమ ఊళ్లకు సముద్రం చేరువ కాదు. ఇలాంటి చోట్లకు ఉప్పు తీరం నుంచి ఎద్దుల మీద రావాలి, లేదా చవుటినేల నుంచే పుట్టాలి. మొదటి పని చేసినవారిలో ఎరుకలవారు ఉన్నారు. రెండోది ఉప్పరల విద్య. బళ్లారి ప్రాంతంలో వారి పద్ధతి ఇది: నేల మీద తెల్లగా పేరుకున్న చవుడును గీకి తెచ్చి, ‘మోడ’ అనే మట్టిదిబ్బ నెత్తిన గుంటలో నింపి నీళ్లు పోసేవారు. ఆ నీరు ఉప్పును కరిగించుకుని అడుగు కంతల గుండా దిగేది. దాన్ని గచ్చు చేసిన మళ్లలో ఎండబెడితే ఉప్పు తేలేది. సముద్రపు ఉప్పంత శుభ్రం కాదు గాని, చవక.

ఆ చవకే ముప్పు తెచ్చింది. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు కంపెనీ గుత్తాధిపత్యం కిందికి పోయింది. ఊరి మట్టిలో పుట్టే ఉప్పు సర్కారు రాబడికి అడ్డమైంది. ఆ శతాబ్దం చివరికి మోడలు మూతబడ్డాయి. మట్టిని తవ్వడం, మోయడం ముందే చేతిలో ఉన్న పని కనుక బతుకు చెరువుల మీదికి మళ్లిందనుకోవడం సబబే. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద రాసిన తన గ్రంథంలో ఉప్పరలను చెరువులు తవ్వే, మట్టిపని చేసే కులంగానే పరిచయం చేశాడు. ఉప్పు పేరులో మిగిలింది, పనిలో కాదు. 1947లో ఉప్పుపన్ను రద్దయినా ఆ వృత్తి తిరిగి రాలేదు.

తవ్వకానికి తగ్గ పురాణమూ ఉంది: యాగాశ్వాన్ని వెతుకుతూ భూమిని తవ్విన సగరుని 60,000 మంది కొడుకుల సంతతి తామని వారు చెప్పుకుంటారు. అందుకే నేడు ‘సగర’ అనే పేరుకు మొగ్గు. వెనుకబడిన తరగతుల జాబితాలో రెండు పేర్లూ బీసీ-డి కింద ఉన్నాయి. పొద్దుపోని కబుర్లను ‘ఉప్పర మీటింగ్’ అని ఎగతాళి చేసే వాడుక మాత్రం, చెరువుకట్టలు పోసినవారి పేరు మీద పడిన అన్యాయం.